షెడ్డా, ఐటీఐనా?

ప్రశ్న: ఈ ఏడాది పది పాసయ్యాను. బళ్ల రిపేరంటే ఇష్టం. పలాసలో షెడ్డు ఉన్న మా మావయ్య ‘చదువెందుకురా, రేపట్నుంచే వచ్చెయ్’ అంటున్నాడు. నాన్న ఐటీఐలో చేరమంటున్నారు. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, పూండి

జవాబు: మావయ్య మాట పదిహేనేళ్ల కిందటైతే చెల్లేది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బళ్లు వచ్చాయి. కొత్త మోటార్‌సైకిళ్లలో దాదాపుగా కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. ఇంజిన్ చప్పుడు విని స్క్రూ తిప్పే విద్య ఒక్కటే ఇక చాలదు. స్కానర్ చదవాలి, మల్టీమీటర్ పట్టాలి. పైగా మన ఉద్దానం తీరంలో ఉప్పుగాలి! బండి మొరాయిస్తే చాలామంది సెన్సర్ మార్చేస్తారు. తీరా కనెక్టర్ ఊడదీసి చూస్తే పిన్నులకు చిలుము. అది కనిపెట్టేవాడికే గిరాకీ.

నా ఓటు నాన్నగారికే. రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ తీసుకోండి. ట్రాక్టర్లు, పడవ ఇంజిన్ల మీద మనసుంటే ఏడాది డీజిల్ మెకానిక్ చాలు. చేరే ముందు వర్క్‌షాపులో ఇంజెక్షన్ బండి ఉందో లేదో కళ్లారా చూసి రండి. ప్రైవేటు ఐటీఐ అయితే కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ (డీజీటీ) గుర్తింపు ఉందేమో అడగండి. సెలవుల్లో మాత్రం మావయ్య షెడ్డు వదలొద్దు. నట్టు ఎంత బిగించాలో చేతికి తెలిసేది అక్కడే. తర్వాత స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్ చేయండి.

ఎరుపు, ఆకుపచ్చ వైర్ల తేడా తెలియకపోతే ముందే కంటి డాక్టర్‌కు చూపించుకోండి. సీటు ఇప్పిస్తామనే మధ్యవర్తుల్ని నమ్మకండి. మార్కుల జాబితా పట్టుకుని నేరుగా ప్రభుత్వ ఐటీఐ ప్రిన్సిపాల్‌ను కలవండి.