అంటీ అంటని ఫైబర్

ఆవకాయ జాడీ బట్టీలో కాలి వచ్చిన వస్తువు. వేడికి కరగదు, తుప్పు పట్టదు. కానీ చెయ్యి జారితే ముక్కలే! సిరామిక్ అంటే అంతే.

జెట్ ఇంజిన్‌కి ఆ మొదటి గుణం కావాలి. టర్బైన్‌లో వాడే నికెల్ మిశ్రమలోహాల బలం 1100 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల బాగా పడిపోతుంది. అందుకే బ్లేడ్ల లోపల సన్నని దారులు పెట్టి, కంప్రెసర్ నుంచి గాలి మళ్లించి చల్లబరుస్తారు. ఆ మేరకు ఇంధనం దండగే. సిలికాన్ కార్బైడ్ కాంపోజిట్ అయితే దాదాపు 1300 దాకా నిలబడుతుంది, బరువేమో నికెల్‌లో మూడో వంతు. మరి పగిలిపోవడం సంగతి?

మట్టిగోడ కట్టేవాళ్లకి సగం జవాబు తెలుసు. మట్టిలో వరిగడ్డి కలుపుతారు; ఎండి బీట తీసినా గడ్డి పట్టి ఉంచుతుంది. ఇక్కడ మాత్రం ఓ తిరకాసు ఉంది. మ్యాట్రిక్స్ సిలికాన్ కార్బైడే, ఫైబరూ సిలికాన్ కార్బైడే. మెటీరియల్స్ క్లాసులో ఇది విన్నప్పటి నుంచీ నాకు ఒకటే డౌటు: మ్యాట్రిక్స్‌ని చీల్చుకుంటూ వచ్చిన పగులు, అదే పదార్థంతో చేసిన ఫైబర్ దగ్గర ఎందుకు ఆగాలి?

ఆగదు. రెండూ గట్టిగా అతుక్కుని ఉంటే నేరుగా ఫైబర్‌ని కూడా కోసేసి పోతుంది. అందుకే ప్రతి ఫైబర్ చుట్టూ బోరాన్ నైట్రైడ్ పూత వేస్తారు, మందం ఒక మైక్రాన్‌కి అటూ ఇటూగా. అది పొరలు పొరలుగా జారే పదార్థం. పగులు అక్కడికి రాగానే పక్కకి తిరిగి పూత వెంబడి పాకుతుంది. తెగని ఫైబర్లు పగులుకి అడ్డంగా వంతెనల్లా నిలబడతాయి. తర్వాత అవి తెగి బయటికి జారేటప్పుడు కూడా రాపిడి ఆ శక్తిని తినేస్తుంది. విరిగిన ముక్కని మైక్రోస్కోపులో చూస్తే ఫైబర్ల కొసలు పాత బ్రష్ కుచ్చులా పొడుచుకొచ్చి కనిపించాలి. నున్నగా అద్దంలా విరిగిందంటే పూత పనిచెయ్యనట్టే.

ఇంత చేసినా అసలు శత్రువు నీటి ఆవిరి. సిలికాన్ కార్బైడ్ మీద సహజంగా సిలికా పొర ఏర్పడి కాపాడుతుంది. ఇంధనం మండగా పుట్టిన ఆవిరి ఆ సిలికానే వాయువుగా మార్చి పట్టుకుపోతుంది. దానికి విరుగుడుగా పైన ఇటర్బియం సిలికేట్ లాంటి మరో కవచం వేస్తారు. అది ఒకచోట పెచ్చు ఊడినా భాగం అక్కడి నుంచి అరగడం మొదలవుతుంది.

2016లో సర్వీసులోకి వచ్చిన లీప్ ఇంజిన్‌లో ఈ కాంపోజిట్‌ని మొదట ష్రౌడ్‌కి వాడారు, అంటే టర్బైన్ బ్లేడ్ల కొసల చుట్టూ ఉండే వలయానికి. అది తిరగదు. నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడ్‌ని వదిలి దీంతో మొదలుపెట్టడం పిరికితనమేం కాదు, మంచి ఇంజినీరింగే అంటాను నేను.