పీత కష్టాలు పీతవి

‘సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి’ అని తెలుగునాట ఒక సామెత ఉంది. ఎవరి బాధలు వారివే అని చెప్పవలసి వచ్చినప్పుడు ఈ మాట వాడుతారు. కాని పీతకు నిజంగా ఉన్న కష్టాలేమిటో ఆలోచించేవారు అరుదు. కొన్ని ప్రాంతాలలో ఎండ్రకాయ అని పిలిచే ఈ చిన్న ప్రాణి జీవితం ఎన్నో వింతలకు నిలయం.

రొయ్య వలెనే పీత కూడా పది కాళ్ల జీవి. ముందరి జత కాళ్లు పటకార్ల వలె ఉంటాయి. ఆహారాన్ని చీల్చడానికి, శత్రువును ఎదిరించడానికి అవే దాని ఆయుధాలు. కొంగ మెడను తెగగొరికి ప్రాణాలు దక్కించుకొన్న పీత కథ పంచతంత్రం ద్వారా అందరికీ తెలిసినదే. మిగిలిన కాళ్ల కీళ్లు పక్కలకు వంగేలా అమరి ఉండడం వలన చాలా పీతలు అడ్డంగా నడుస్తాయి.

పీతకు రక్షణ దాని గట్టి పెంకు. అయితే శరీరం పెరిగినా పెంకు పెరగదు. అందువలన పాము కుబుసం విడిచినట్లు పీత తన పాత పెంకును విడిచి బయటకు వస్తుంది. అప్పుడు దాని ఒళ్లంతా మెత్తగా ఉంటుంది. కొత్త పెంకు గట్టిపడే వరకు చేపలకు, పక్షులకు, తోటి పీతలకు సైతం అది సులభంగా ఆహారమవుతుంది. కనుక ఆ కాలమంతా రాళ్ల సందులలోనో, బొరియలలోనో దాగి ఉంటుంది. ఎదగాలంటే కవచాన్ని వదలక తప్పదు. వదిలితే ప్రాణభయం తప్పదు. ఇదే పీతకు అన్నిటికంటె పెద్ద కష్టం. శత్రువుకు చిక్కిన కాలిని తెంచుకొని పారిపోయే నేర్పు కూడా దీనికి ఉంది. పోయిన కాలు తరువాత పెంకు మార్చుకొనేటప్పుడు క్రమంగా తిరిగి వస్తుంది.

ప్రపంచంలో పీతలు వేల రకాలు. ఆల్చిప్పలలో తలదాచుకొనే బఠానీ గింజంత పీతలున్నాయి. కాళ్లు చాచితే సుమారు 3.7 మీటర్ల పొడవుండే జపాను సాలె పీతలూ ఉన్నాయి. మన పొలం గట్లలో బొరియలు చేసేవి మంచినీటి పీతలు. గట్లకు గండ్లు పడి నీరు జారిపోతుందని రైతులు వీటిని విసుక్కొంటారు. వీటి గుడ్ల నుండి నేరుగా పీత పిల్లలే వెలువడతాయి. తల్లి వాటిని కొంతకాలం పొట్ట కింద మోస్తుంది.

సముద్రతీరపు ఇసుకలో బొరియలు చేసుకొని, అలికిడి కాగానే మెరుపులా మాయమయ్యేవి దెయ్యపు పీతలు. బురద నేలల్లో ఉండే ఫిడ్లరు పీతలలో మగదానికి ఒక పటకారు చాలా పెద్దది. దానిని ఊపుతూ ఆడపీతను ఆకర్షిస్తుంది. తిండికి మాత్రం రెండవ చిన్న పటకారే ఆధారం. ఖాళీ నత్తగుల్లలో కాపురం ఉండే హెర్మిట్ పీత నిజమైన పీత కాదు, పీతలకు దగ్గరి బంధువు. ఒళ్లు పెరిగిన కొద్దీ అది మరింత పెద్ద గుల్లను వెదుక్కోవలసిందే.

హిందూ మహాసముద్రంలో ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్మస్ దీవి ఉంది. అక్కడి అడవులలో కోట్లాది ఎర్ర పీతలు నివసిస్తాయి. ఏటా తొలి వానలు కురవగానే అవి గుంపులుగా సముద్రానికి ప్రయాణమవుతాయి. వాటి కోసం అక్కడివారు రోడ్లు మూసివేస్తారు. వంతెనలు కూడా కట్టారు. అయితే మనుషుల రాకపోకలతో ఆ దీవికి చేరిన పసుపు చీమలు విపరీతంగా పెరిగి, కోటికి పైగా పీతలను చంపివేశాయి. రాలిన ఆకులను, మొలకలను తినే పీతలు తగ్గిన చోట అడవి రూపమే మారిపోయింది. చీమలకు తీపి ద్రవాన్ని అందించే పురుగులను అదుపు చేయడానికి 2016లో అతి చిన్న కందిరీగలను అక్కడ విడిచిపెట్టారు.

ఇటువంటి బంధమే గోదావరి ముఖద్వారం వద్ద గల కోరింగ మడ అడవులలోనూ కనిపిస్తుంది. అక్కడి పీతలు తవ్వే బొరియల ద్వారా బురద నేలలోనికి గాలి, నీరు చేరుతాయి. రాలిన ఆకులను అవి తినడం వలన నేల సారవంతమవుతుంది. ఆ అడవే చేపలకు, రొయ్యలకు పురిటిల్లు. తుఫాను వేళ తీరానికి అడ్డుగోడ. అక్కడ దొరికే మండ పీతలు ఎన్నో మత్స్యకార కుటుంబాలకు జీవనాధారం. కాళ్లు తాళ్లతో కట్టిన ఆ పీతలు ప్రాణంతోనే విదేశాలకు ఎగుమతి అవుతాయి.

ఆడ మండ పీత గుడ్లు పెట్టడానికి సముద్రంలోనికి వెళుతుంది. లక్షలాది గుడ్లను పొట్ట కింద మోస్తుంది. వాటి నుండి వచ్చే పిల్లలలో పెరిగి పెద్దవయ్యేవి బహు కొద్ది. గుడ్లతో ఉన్న ఒక్క తల్లిని పట్టుకొంటే మరుసటి తరమంతా దానితో పోయినట్లే. అందుకే గుడ్ల పీతలు, చిన్న పీతలు వలలో పడితే తిరిగి నీటిలో విడిచిపెట్టడం మేలు. ఆ రోజు రాబడి కొంత తగ్గవచ్చు. రేపటి వల మాత్రం ఖాళీగా ఉండదు. పెంకు మార్చుకొనే కష్టం పీతకు ప్రకృతి ఇచ్చినది. మడ చెట్లు నరికి, గుడ్ల తల్లులను పట్టి మనిషి కలిగించే కష్టం అటువంటిది కాదు. అది చివరకు మనిషికే కష్టమవుతుంది.