రెండడుగుల టైలు రెండడుగులుండదు

గద్వాల వాళ్లు కర్నూలుకో, వనపర్తి, నాగర్‌కర్నూలు వాళ్లు మహబూబ్‌నగర్‌కో పోయి ట్రాలీ ఆటోలో టైల్స్ తెచ్చుకున్నాక నాలుగు తక్కువ పడ్డాయనుకోండి. వాటి ధర కంటే బండి కిరాయే ఎక్కువవుతుంది. లెక్క ముందే చూసుకుంటే ఆ తిప్పలుండవు.

1. ప్లింత్ ఏరియా పట్టుకుని షాపుకెళ్లకండి. ఇందిరమ్మ ఇల్లు 400 చదరపు అడుగులంటే అందులో గోడలూ కలిసే ఉంటాయి. బయట 20×20, గోడ 9 అంగుళాలైతే లోపల మిగిలేది 342 అడుగులే. నడిమి గోడలు ఇంకా తీసెయ్యాలి. గదిగదికీ టేపు పట్టాల్సిందే.

2. పాత ఇళ్లలో గదులు మూలమట్టానికి ఉండవు. ఎదురెదురు గోడలు రెండూ కొలిచి పెద్ద కొలత తీసుకోండి.

3. 2×2 అని అమ్మే టైలు నిజానికి 600 మిల్లీమీటర్లు, అంటే 23.6 అంగుళాలు. 12 అడుగుల గదిలో ఆరు టైల్స్ పరిచి, 2 మి.మీ. సందులు వదిలినా గోడ దగ్గర దాదాపు రెండంగుళాలు మిగులుతుంది. ఆ సన్న పట్టీ గుమ్మంలోనే కనబడితే ఎంత ఖరీదు టైలైనా వెలవెలబోతుంది. అది బీరువా వెనక్కో, మంచం కిందికో పోయేలా దారం పట్టమని మేస్త్రీకి మొదటిరోజే చెప్పండి. పెట్టె సంగతీ ఇంతే. నాలుగు టైల్స్ పెట్టె 16 అడుగులని నోటిలెక్క చెబుతారు గానీ వచ్చేది 15.5. వెయ్యి అడుగులకు 63 పెట్టెలు చాలవు, 65 కావాలి.

4. 12×12 గది 144 అడుగులు. తరుగు పది శాతం కలిపితే 158, అంటే 11 పెట్టెలు. ఏటవాలుగా వేయిస్తే తరుగు 15 శాతం వేసుకోండి. నాలుగంగుళాల స్కర్టింగ్‌కు గుమ్మం పోను పొడవు 45 అడుగులు. ఒక టైలు కోస్తే ఆరు పట్టీలు రావు, అయిదే వస్తాయి. అంటే అయిదు టైల్స్. ఇంకో పెట్టె కలిపి 12 తెచ్చుకుంటే, ఆ అయిదోది తరుగులో సర్దుకుంటుంది.

5. 5×7 బాత్రూంలో ఏడడుగుల ఎత్తుకు, తలుపు పోను గోడ 150 అడుగులు. 12×18 అంగుళాల టైల్స్ ఆరుండే పెట్టె 8.7 అడుగులు వస్తుంది. తరుగుతో 19 పెట్టెలు. వెంటిలేటర్‌ను లెక్కలోంచి తీసెయ్యకండి, దాని అంచులకూ టైలు పడుతుంది.

6. సందుల్లో నింపే గ్రౌట్‌కు సూత్రముంది. టైలు పొడవు, వెడల్పు కూడి, ఆ రెండింటి లబ్ధంతో భాగించి, మందంతో, సందుతో, 1.6తో గుణించండి. కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే ఉండాలి. చదరపు మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 9 మి.మీ. మందమున్న 2×2 టైలుకు 3 మి.మీ. సందైతే 144 గ్రాములు. మన 12×12 గదికి రెండు కిలోలు, చేతి తరుగుతో మూడు. టైలు చిన్నదయ్యేకొద్దీ సందులు పెరుగుతాయి, గ్రౌటూ పెరుగుతుంది. బాత్రూంలో వైట్ సిమెంట్‌తో సరిపెట్టడం నాకైతే నచ్చదు, తొందరగా నల్లబడుతుంది.

7. షాబాదు బండల మీదే టైల్స్ వేయిస్తుంటే తలుపుల అడుగు కోయాల్సి రావచ్చు. వడ్రంగి కూలీ కూడా లెక్కలో వేసుకోండి.

8. పెట్టెలన్నిటి మీదా షేడ్, బ్యాచ్ నంబర్లు ఒకటేనా అని బండిలో వేసేముందే చూడండి. పని అయ్యాక నాలుగు టైల్స్ దాచుకోండి. తెరవని పెట్టెలు వాపసు తీసుకుంటారేమో డబ్బు కట్టకముందే అడిగి, బిల్లు మీదే రాయించుకోండి.