వేరుసెనగలో ఆకుముడత పురుగు – పంచాయతీ చేయదగిన పనులు

వానకై ఎదురుచూచుచున్న వేరుసెనగ చేను ఒక్కొక్కప్పుడు దూరమునుండి నిప్పు సోకినట్లు మాడి కనబడును. దగ్గరకు పోయి చూచినచో ఆకులు ముడుచుకొని, ఒకదానితో నొకటి అతుకుకొని, గోధుమవన్నెకు మారియుండును. కొందరు దీనిని బెట్ట యందురు. కొందరు తిక్క తెగులందురు. రైతు దుకాణమునకు పోయి, దొరికిన మందును అప్పుపై తెచ్చి చల్లును. ఫలితము కనబడనిచో మరియొక మందు తెచ్చును. పంట ఇంటికి రాకముందే దాని రాబడిలో కొంతభాగము ఈ విధముగా ఖర్చయిపోవును. దీనికి కారణము మందు చెడ్డదగుటయే కానక్కరలేదు. పురుగు ఎక్కడ దాగియున్నదో, ఏ దశలో నున్నదో తెలియకపోవుటయే తరచుగా అసలు కారణము.

ఆకుముడత పురుగు తల్లి ఒక చిన్న రెక్కల పురుగు. దాని పొడవు సుమారు 6 మిల్లీమీటర్లు. వన్నె బూడిద కలిసిన గోధుమరంగు. ముందురెక్కలపై ఒక్కొక్క తెల్లని చుక్క యుండును. ఇది ఆకులపై ఒక్కొక్కటిగా నూటికి పైగా గ్రుడ్లు పెట్టగలదు. మూడు నాలుగు దినములలో గ్రుడ్డు పగిలి, పిల్లపురుగు నేరుగా ఆకులోనికి తొలుచుకొని పోవును. ఆకు పైపొరకును క్రిందిపొరకును నడుమ నున్న పచ్చని భాగమే దాని ఆహారము. ఆ దినములలో పైకి కనబడునది నడిమి ఈనె దగ్గర చిన్న గోధుమరంగు బొబ్బ మాత్రమే.

సుమారు 5, 6 దినములు గడచిన పిమ్మట పురుగు వెలికి వచ్చి, దారము అల్లి, ఆకును మడిచి గాని ప్రక్క ఆకుతో కలిపి గాని గూడు కట్టుకొనును. అందులోనే తిని, అందులోనే కోశస్థదశ పొంది, మరల రెక్కల పురుగై వెడలును. ఈ చక్రము మూడు నాలుగు వారములలో ముగియును. కావున ఒక పంటకాలములోనే రెండు మూడు తరములు బయలుదేరగలవు. మొదటి తరములో పట్టించుకొనని కొలది పురుగులు, కాయ నిండు సమయమునకు చేనునిండ వ్యాపించుట ఇందువలననే.

గట్టివాన కురిసినచో ఈ పురుగు చాలవరకు నశించును. బెట్ట పెట్టినచో విజృంభించును. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు అనంతపురము సీమలో వర్షాధారపు వేరుసెనగకు దీనివలన భయము ఎక్కువగుటకు ఇదియే హేతువు. నీటివసతి గల చోట తుంపరసేద్యము దీని ఉద్ధృతిని కొంత తగ్గించును.

ఆకును తొలుచు పురుగులు ఇతర పైరులపైనను కలవు. నిమ్మ, బత్తాయి లేతచిగుళ్లపై పాము పాకినట్లు వెండివన్నె చారలు చేయునది వేరొక జాతి. ఆ గాయములగుండా గజ్జి తెగులు సులభముగా ప్రవేశించును. టమాటా ఆకును, కాయను తొలుచు దక్షిణ అమెరికా జాతి మనదేశమున 2014లో మహారాష్ట్రమునందు కనుగొనబడినది. జాతులు వేరైనను ఒక నీతి అన్నింటికిని సమానము: పురుగు ఆకు పొరల చాటున నున్నది కనుక, ఆలస్యముగా పైపైన చల్లిన మందు వృథా యగును.

ప్రకృతిలో ఈ పురుగునకు శత్రువులు లేకపోలేదు. చీమకన్న చిన్నవైన కందిరీగజాతి కీటకములు కొన్ని ఆకులోని పిల్లపురుగును వెదకి, దానిపై గ్రుడ్లు పెట్టును. వాటి సంతతి ఆ పురుగును తినివేయును. అవసరము లేకుండ తొందరపడి విషపు మందు చల్లినచో మొదట నశించునవి ఈ మిత్రకీటకములే. ఆపైన శత్రువునకు అడ్డు ఉండదు.

పురుగునకు గట్టు తెలియదు. ఒక రైతు చేనులో పుట్టిన రెక్కల పురుగు పొరుగు చేనిలో గ్రుడ్లు పెట్టును. ఒక్కని ప్రయత్నము చాలకపోవుట ఇందువలననే. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయముల పట్టికలో వ్యవసాయమును, వ్యవసాయ విస్తరణను మొట్టమొదట చేర్చినది. కావున సభ్యులు ఈ క్రింది పనులు తమవిగా భావింపవలెను.

1. విత్తనమునకు ముందే రైతులను సమావేశపరచి పంటమార్పిడి విషయము మాట్లాడవలెను. వేరుసెనగ పిమ్మట వేరుసెనగయే వేయక జొన్న, సజ్జ, కొర్ర వంటివి వేయుట మేలు. సోయాచిక్కుడు ఈ పురుగునకు ఆశ్రయ మగును. దానిని మార్పిడిపంటగా ఎన్నుకొనరాదు. చేనిచుట్టును నాలుగు వరుసల జొన్న గాని సజ్జ గాని విత్తుట మంచిది.

2. దారిప్రక్క వేపచెట్ల క్రింద రాలిన పండ్లను ఏరించి, కడిగి, గింజలను నీడలో ఆరబెట్టి నిలువచేయవలెను. 5 కిలోల వేపపప్పు పొడిని 10 లీటర్ల నీటిలో ఒక రాత్రి నానబెట్టి, వడగట్టి, 100 లీటర్లు చేసి, కొద్దిగా సబ్బు కలిపి చల్లవచ్చును. పురుగులు పసివిగా ఉన్నపుడే ఇది ఉపకరించును.

3. ఊరిలో రెండు మూడు చోట్ల దీపపు ఎరలు గాని లింగాకర్షక బుట్టలు గాని పెట్టించి, పడిన రెక్కల పురుగుల లెక్కను పంచాయతీ పలకపై వ్రాయింపవలెను. ఇవి పురుగును నిర్మూలించునవి కావు. రానున్న ప్రమాదమును తెలుపునవి.

4. పైరు మొలిచిన మూడవ వారమునుండి వారమున కొకసారి, చేనిలో నాలుగైదు చోట్ల మొక్కలను పరీక్షింపుడని రైతులకు చెప్పవలెను. బొబ్బ గల ఆకును ఎండకెత్తి చూచినచో, నల్లని తల గల లేతాకుపచ్చ పురుగు లోపల కనబడును. బొబ్బలు ఖాళీగా ఉండి, మడతలలో కోశములు మాత్రమే కనబడినచో అప్పుడు మందు చల్లుట డబ్బు పారవేయుటయే.

5. సజీవమైన పురుగులు ఎక్కువగా కనబడినచో వ్యవసాయశాఖ ఉద్యోగిని చేనికి పిలిచి చూపి, ఆయన వ్రాసి యిచ్చిన మందునే, ఆయన చెప్పిన మోతాదులోనే, ఆ ప్రాంతమువారందరు ఒకేసారి చల్లవలెను. దుకాణదారుని మాటను బట్టి మందు నిర్ణయింపరాదు.

ఈ పనులలో పెద్ద ఖర్చుతో కూడినది ఏదియు లేదు. కావలసినది చూపు, లెక్క, ఐకమత్యము. రాబోవు గ్రామసభలో బొబ్బలున్న వేరుసెనగ కొమ్మ నొకదానిని తెచ్చి, ఆకును వెలుతురున కెత్తి, లోపలి పురుగును అందరికిని చూపుడు. ఒకసారి కంటితో చూచిన రైతు, మందుకై అప్పు చేయుటకు ముందు తన చేనిని పరీక్షించుకొనును.