పేగుకూ మూత్రపిండానికీ లంకె

పిల్లలూ! పేగులు వాచి, పుండ్లు పడి, నెలల తరబడి విరేచనాలు పెట్టే జబ్బులు రెండున్నాయి: క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్. క్రోన్స్‌ను న్యూయార్క్ వైద్యులు 1932లో వివరించారు. ఇవి మూత్రపిండాలనూ తాకవచ్చు. ఎలాగో చూద్దాం.

పాలకూరలో ఆక్సలేట్ ఉంటుంది. మామూలుగా పేగులోని కాల్షియం దాన్ని పట్టుకుని మలంతో బయటికి పంపుతుంది. చిన్నపేగు చివరి భాగం దెబ్బతింటే కొవ్వు సరిగా ఒంటపట్టదు. మిగిలిన కొవ్వు కాల్షియాన్ని లాక్కుంటుంది. అప్పుడు ఆక్సలేట్ రక్తంలో కలిసి మూత్రపిండాలకు చేరుతుంది. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గి మూత్రం చిక్కబడుతుంది. అలా రాళ్లు ఏర్పడతాయి.

రెండో దారి మందుది. ఈ జబ్బుకు వాడే మెసలమైన్ అరుదుగా మూత్రపిండాన్ని వాచేలా చేస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు. రక్తంలో క్రియాటినిన్ పరీక్షే చెబుతుంది. అందుకే మందు సొంతంగా మానకూడదు, పరీక్షా మానకూడదు.

బదిలీల మీద తిరిగే మనకు ఇక్కడే ఒక పని ఉంది. తుష్నాబాద్‌లో ఉన్నంతకాలం పెద్ద వైద్యానికి శ్రీ విజయపురంలోని జి.బి. పంత్ ఆసుపత్రికి వెళ్తాం. రేపు మరో ఊరు, మరో డాక్టరు. ఒకరి క్రియాటినిన్ 0.6 నుంచి 0.9కి పెరిగిందనుకోండి. కొత్త కాగితం ఒక్కటే చూస్తే మామూలుగానే అనిపించవచ్చు. పాతది పక్కన పెడితేనే తేడా తెలుస్తుంది. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుంటే, ఆ ఫైలును ఓడకెక్కే పెట్టెల్లో వేయకండి. చేతిసంచిలో పెట్టుకోండి.

మలంలో రక్తం కనిపిస్తే సిగ్గుపడక అమ్మానాన్నలకు చెప్పండి.