ప్రశ్నలు – జవాబులు: నంబరు నిలుపుకొని కంపెనీ మారుట

హోసూరు రోడ్డు పొడవునను, బొమ్మసంద్ర పారిశ్రామికవాడలోను, ఎలక్ట్రానిక్స్ సిటీలోను ఉద్యోగములు చేసికొనుచు హెబ్బగోడిలో కాపురముండు తెలుగువారి నుండి మాకు వచ్చిన ఉత్తరములలో, సెల్‌ఫోను కంపెనీల తాయిలములను గూర్చినవి కొన్ని ఏరి ఈసారి ఒకచోట చేర్చితిమి.

ప్రశ్న: అయ్యా, మాది హిందూపురం దగ్గర పల్లె. బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ పని. మెట్రో వచ్చిందగ్గర్నుంచి హెబ్బగోడి స్టేషను కింద గొడుగు వేసుకొని కూర్చునే కుర్రాళ్ళు రోజూ ఆపుతున్నారు. పోర్ట్ చేయించుకుంటే సిమ్ము ఉచితం, మొదటి రీఛార్జి మేమే వేస్తాం అంటున్నారు. నాది ఆంధ్ర నంబరు. ఊళ్ళోవాళ్ళకీ, బ్యాంకుకీ అదే ఇచ్చాను. మారమంటారా?
— ఒక కార్మికుడు, హెబ్బగోడి

జవాబు: మీ లేఖలో రెండు ప్రశ్నలు పెనవైచుకొని యున్నవి, మారవచ్చునా యనునది యొకటి, మారుట మేలా యనునది వేఱొకటి.

మొదటిదానికి చట్టమే సమాధానము చెప్పినది. ఒకప్పుడు కంపెనీ మారదలచినవాడు నంబరును వదలుకొనవలసి యుండెను. దుకాణము బోర్డుమీది పాత అంకెలను చెఱిపించి, బంధుమిత్రులకు పేరుపేరున వర్తమానము పంపి, బ్యాంకునకు అర్జీ పెట్టుకొనవలసిన ఆ శ్రమయే, సేవ యెంత నాసిగా నున్నను వినియోగదారుని కదలనీయక, కంపెనీలకు పెట్టని కోటయై యుండెను. ఆ కోట తలుపులు 2010 నవంబరు 25న హర్యానాలో మొదటగా తెఱవబడి, 2011 జనవరి 20న దేశమంతటను తెఱవబడినవి. అయినను నంబరు నిలుపుకొని కంపెనీ మారు ఆ హక్కు అప్పట్లో ఒక టెలికాం సర్కిలు, అనగా కంపెనీల సేవకై ఏర్పఱచిన ఒక ప్రాంతము, లోపలనే చెల్లెడిది. 2015 జూలై 3 నుండి ఆ యెల్లయు తొలగిపోయెను. కావున మీ ఆంధ్ర నంబరును హెబ్బగోడిలోనే నిక్షేపముగా పోర్ట్ చేయించుకొనవచ్చును. అంకెలు అవే యుండును గాని మీరు కర్ణాటక సర్కిలు చందాదారులగుదురు. ఆంధ్ర, తెలంగాణములు రాష్ట్రములుగా రెండైనను టెలికాం లెక్కలో నేటికిని ఒకే సర్కిలు. ఇటు అత్తిబెలె దాటినంతనే తమిళనాడు సర్కిలు. హోసూరులోని చుట్టపుటిండ్లకు నిత్యము పోయివచ్చు మన తెలుగువారికి ఈ యెల్లలు తెలియనే తెలియవు. రోమింగునకు వేఱుగా సొమ్ము పుచ్చుకొను ప్లాన్లు దాదాపు అంతరించినవి గనుక తెలియవలసిన అవసరమును అంతగా లేదు.

చేయవలసిన పని కొంచెమే. పోర్ట్ అను మాటను ఇంగ్లీషు అక్షరములలో కొట్టి, ఒక ఖాళీ విడిచి, మీ పదంకెల నంబరును చేర్చి 1900కు సందేశము పంపినచో ఎనిమిది అక్షరముల కోడ్ ఒకటి వచ్చును. అది నాలుగు దినములు మాత్రమే చెల్లును. దానిని, గుర్తింపు పత్రమును క్రొత్త కంపెనీవారికి చూపవలెను. ఒకే సర్కిలులోనైన మూడు పనిదినములలోను, మీవలె సర్కిలు దాటువారికి ఐదు పనిదినములలోను మార్పు జరిగిపోవును. ఇందులకు వసూలు చేయదగిన రుసుము 6 రూపాయల 46 పైసలు. గొడుగు క్రింది కుఱ్ఱవాడు "మీకోసం ఛార్జీ మాఫీ" యని ఘనముగా చెప్పినచో ఆ ఔదార్యము విలువ ఎంతో మీకిప్పుడు తెలిసినది.

ఇక మారుట మేలా యను ప్రశ్న. ఇచ్చట కాగితము, కలము తీసికొనక తప్పదు. వారు నెల యనుచు అమ్మునది తఱచుగా 28 దినములు. అట్టి ప్లానుతో సంవత్సరము గడుపువాడు పండ్రెండు మాఱులు కాక పదమూడు మాఱులు రీఛార్జి చేయించును. మీ ప్రస్తుత ప్లాను వెల 300 రూపాయలనుకొందము. ఏడాదికి 3,900 రూపాయలు. క్రొత్త కంపెనీ మొదటి రీఛార్జిని ఉచితముగా వేసి, తరువాతి పండ్రెండింటికి 325 చొప్పున పుచ్చుకొన్నదనుకొందము. అదియు 3,900 రూపాయలే. వెల తేడా ఇరువదియైదు రూపాయలే గదా యని ఉపేక్షించినవాని తాయిలము ఏడాది తిరుగునప్పటికి ఆవిరియై, రెండవ ఏటినుండి ఎదురు కట్టుట ప్రారంభమగును. ఈ 28 దినముల నెలపై ఫిర్యాదులు వెల్లువెత్తగా, 30 దినములు చెల్లునది ఒకటి, ప్రతి నెల అదే తేదీన మరల చేయించుకొన వీలగునది ఒకటి, కనీసముగా ప్రతి కంపెనీయు అమ్మవలెనని టెలికాం నియంత్రణ సంస్థ యగు ట్రాయ్ 2022 జనవరిలో ఆజ్ఞాపించినది. గొడుగు క్రింద ఆ ప్లాన్లను ఎవ్వరును తమంతట తాము చూపరు, అడిగి చూడుడు.

డబ్బు లెక్కకన్న ముఖ్యమైనది సిగ్నలు. పెద్ద ప్రకటనలో ఊరంతయు సిగ్నలుండవచ్చును, రేకుల షెడ్డులో మీరు నిలుచుండు యంత్రము దగ్గఱ లేకపోవచ్చును. ఆ కంపెనీ సిమ్ము గల తోడి పనివాని ఫోను నడిగి మీ గదిలో, షెడ్డులో ఒకసారి మాట్లాడి చూడుడు; పండుగకు ఊరికి పోయినపుడు పల్లెలోను చూడుడు. రెండుచోట్లను ఇప్పటి కంపెనీయే నయమని తోచినచో, ఒక్క రీఛార్జికొఱకు కదలవలదని నా సలహా. క్రొత్తది నయమని తోచినచో తాయిలము లేకున్నను మారుడు. మారినచో ఆ ఉచిత రీఛార్జిని మీ కనులయెదుట వేయించి, కంపెనీ యాప్‌లో అది కనిపించిన పిమ్మటనే లేచి రండు. సిమ్మునకింత యని కమీషను మీద బ్రతుకు కుఱ్ఱవాని నోటిమాటకు రేపు కంపెనీ పూచీ పడదు, ఎల్లుండికి ఆ గొడుగు మఱియొక స్టేషను క్రింద నుండును.

ప్రశ్న: నమస్కారమండీ. పదేళ్ళకు పైగా ఒకే కంపెనీలో ఉన్నాను, ఒక్క రీఛార్జి ఆలస్యం చేయలేదు. మా పక్కింటావిడ పోర్ట్ మెసేజ్ పెట్టగానే కంపెనీవాళ్ళే ఫోన్ చేసి తక్కువ ధరకు ప్లాన్ ఇచ్చారట. నమ్మకంగా ఉన్న నాకు ఎందుకివ్వరు? ఇది న్యాయమేనా? నేనూ ఉత్తుత్తి మెసేజ్ ఒకటి పెట్టనా?
— ఒక గృహిణి, హెబ్బగోడి

జవాబు: అమ్మా, మీ ప్రశ్న దేశపు అత్యున్నత న్యాయస్థానము వఱకు పోయిన ప్రశ్న. ఒకే తరగతి వినియోగదారుల నడుమ వెలలో పక్షపాతము చూపరాదనుట మన టెలికాం వెలల ఉత్తర్వులలో చిరకాలముగా నున్న నియమము. అయినను, విడిచిపోవువారిని ఆపుటకు కంపెనీలు రహస్యముగా ఇచ్చు రాయితీలు ఆ నియమమునకు లోబడునా లేదా యని వివాదము పుట్టినది. 2018 ఫిబ్రవరిలో ట్రాయ్ ఇట్టి రాయితీల వివరములను తనకు తెలుపవలెనని ఉత్తరువు చేయగా, కంపెనీలు టెలికాం ట్రిబ్యునలుకు పోయి అదే సంవత్సరాంతమున దానిని కొట్టివేయించుకొన్నవి. తుదకు 2020 నవంబరులో సుప్రీంకోర్టు, అడిగిన వివరములను ట్రాయ్‌కు ఇచ్చి తీరవలెనని చెప్పినది. 2021లో, తమ డీలర్ల చేత పోర్ట్ వినియోగదారులకు చాటుమాటు తాయిలములు పంచించుచున్నారని కంపెనీలు ఒకరిమీద నొకరు చాడీలు చెప్పుకొనగా, ట్రాయ్ అందఱిని మందలించినది. ఇంత జరిగినను ఆ పిలుపులు ఆగలేదనుటకు మీ పొరుగింటి యిల్లాలే సాక్షి.

న్యాయమా యని అడిగితిరి. కాదనియే నా యభిప్రాయము. కదలువానికి ఇచ్చు రాయితీ ఎవరి సొమ్మునుండి వచ్చుచున్నది? కదలనివారి రీఛార్జులనుండి. పదేండ్లుగా గడువు తప్పక కట్టుచున్న మీవంటివారిని కంపెనీ ఖాతాలో స్థిరాదాయముగా వ్రాసికొనును; స్థిరాదాయమునకు ఎవ్వరును తాంబూలమీయరు.

ఉత్తుత్తి సందేశమునకు వత్తును. అందులో తప్పేమియు లేదు, ప్రమాదమును లేదు. 1900కు పంపిన సందేశము కోడ్‌ను మాత్రమే తెచ్చును. దానిని మీరు క్రొత్త కంపెనీచేతిలో పెట్టనంతవఱకు మీ నంబరు ఉన్నచోటనే యుండి, నాలుగు దినములకు కోడ్ మురిగిపోవును. ఆ నడుమ ఎవరైనను పిలిచి తగ్గింపు నిత్తుమన్నచో, వెల యెంత, ఎన్ని దినములు, ఎన్ని రీఛార్జుల వఱకు అదే వెల యని అడిగి, అది మీ కంపెనీ యాప్‌లో మీ నంబరుకు ఎదురుగా కనబడినపుడే సొమ్ము కట్టుడు. ఒకవేళ అప్పటికే క్రొత్త కంపెనీకి దరఖాస్తు నిచ్చియున్నను, ఇరువదినాలుగు గంటలలోపల క్యాన్సిల్ అని, మీ నంబరును చేర్చి అదే 1900కు పంపి విరమించుకొనవచ్చును.

కాని ఈ బేరమునకు ఆయువు ప్రత్యర్థుల సంఖ్యను బట్టి యుండునని మఱవరాదు. 2003 వానకాలములో రిలయన్స్ వారు 501 రూపాయలకు ఫోను చేతబెట్టి, తక్కిన సొమ్మును నెలసరి కట్టుబాట్లలోనికి ఒదిగించిరి. 2009లో టాటా డొకొమో సెకనుకొక పైస లెక్కగట్టగా, నిమిషము నిమిషమునకు గుంజుచున్నవారందఱు తలవంచవలసి వచ్చినది. అప్పట్లో పెక్కు సర్కిలులలో పదికి తక్కువ కాకుండ కంపెనీలుండెడివి. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులను రద్దుచేసినది; 2016 సెప్టెంబరు 5న జియో రంగములోనికి దిగి మఱుసటి మార్చి వఱకు అంతయు ఉచితముగా పంచినది; 2018లో ఎయిర్‌సెల్ దివాలా యెత్తగా దాని చందాదారులు కట్టుబట్టలతో పోర్ట్ వరుసలలో నిలుచుండిరి. ఉచితమును అనుభవించిన మనమే ఆ తరువాతి కథకును ప్రేక్షకులము. పెద్దవి నాలుగు మిగిలినవి, 2024 జూలై మొదటి వారములో మూడు ప్రైవేటు కంపెనీలు రెండుదినముల వ్యవధిలో వెలలు పెంచినవి. అంతట జనులు ప్రభుత్వ సంస్థ యగు బీఎస్ఎన్ఎల్ వైపు మరలగా, ఆ ఒక్క నెలలో దానికి 29 లక్షలకు పైగా చందాదారులు పెరిగిరి. సిగ్నలు చాలక వారిలో కొందఱు తిరుగుముఖము పట్టిరనుటయు నిజమే. అయినను నాలుగవ తలుపు ఒకటి తెఱచియుండుట వలననే తక్కిన మూటికి మీ నంబరుపై ఇంత ప్రేమ.

ప్రశ్న: మా నాన్నగారు మదనపల్లె దగ్గర ఊళ్ళో ఉంటారు. బటన్ ఫోను. ఇంటర్నెట్ అక్కర్లేదు. అయినా డేటాతో కలిపిన ప్లాన్ వేయాల్సి వస్తోంది. వేరే కంపెనీకి మారిస్తే తక్కువవుతుందా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హెబ్బగోడి

జవాబు: మార్చుటకు ముందు ప్లానును మార్చి చూడుడు. మాటలకు, సందేశములకు మాత్రమే పనికివచ్చు వోచర్లను ప్రతి కంపెనీయు అమ్మవలెనని, వోచర్ల గడువు 365 దినముల వఱకు ఉండవచ్చునని 2024 డిసెంబరులో ట్రాయ్ నియమము చేసినది. వెల తగ్గింపు మనమనుకొన్నంత ఉదారముగా లేదని ముందే చెప్పుచున్నాను. డేటాను తీసివేసినను దాని వెలను పూర్తిగా తీసివేయుటకు వారికి చేతులాడలేదు. అయినను ఏడాదికొకసారి వేసి నిశ్చింతగా నుండుట ముసలివారికి సుఖము. తప్పక మార్చదలచినచో, ఆ సిమ్ము ఎవరి పేరనున్నదో మొదట విచారింపుడు. పల్లెలలో తండ్రి సిమ్ము కొడుకు పేరనో, అమ్మిన దుకాణదారుని బంధువు పేరనో ఉండుట కద్దు. ఎవరి పేరనున్నదో వారే దరఖాస్తు చేయవలెను. పేరు మార్పు నడుచుచుండగా పోర్ట్‌ను నిరాకరింతురు.

ప్రశ్న: పోస్ట్‌పెయిడ్ బిల్లులో తప్పు వేశారు, కట్టలేదు. ఇప్పుడు పోర్ట్ కోడ్ రావడం లేదు. ఏం చేయాలి?
— ఒక దుకాణదారు, చందాపుర

జవాబు: గడువు దాటిన బాకీ యున్నంతవఱకు కోడ్ రాదు, అది నియమమే. కంపెనీ ఫిర్యాదుల నంబరగు 198కి ఫోను చేసి బిల్లుపై ఫిర్యాదు నమోదు చేయించి, ఆ ఫిర్యాదు సంఖ్యను వ్రాసి పెట్టుకొనుడు. అచ్చట తెగనిచో అదే కంపెనీలోని అప్పీలు అధికారికి 30 దినములలోపల వ్రాయవలెను. ట్రాయ్‌కు నేరుగా వ్రాసి ఎదురుచూడకుడు. వ్యక్తుల ఫిర్యాదులను తీర్చు అధికారము దానికి లేదు. బాకీ యేమియు లేకున్నను పోర్ట్‌ను అక్రమముగా తిరస్కరించిన కంపెనీకి ఒక్కొక్క తిరస్కారమునకు 10,000 రూపాయల వఱకు జరిమానా వేయవచ్చును. అది మీ జేబులోనికి రాదు గాని, ఆ మాట మీ ఉత్తరములో ఒక వాక్యముగా ఉండుట మంచిది.

ప్రశ్న: "మీ పోర్ట్ కోడ్ చెప్పండి, ఆఫర్ యాక్టివేట్ చేస్తాం" అని ఫోన్ వచ్చింది. చెప్పవచ్చా?
— ఒక విద్యార్థిని, ఎలక్ట్రానిక్స్ సిటీ

జవాబు: చెప్పరాదు. ఆ కోడ్ మీ నంబరును మఱియొకరి సిమ్ములోనికి తరలించుటకు సాధనము. నంబరు పోయినచో దానివెంట బ్యాంకు ఓటీపీలును పోవును. సిమ్ము మార్చిన తరువాత ఏడు దినముల వఱకు పోర్ట్ కోడ్ ఈయరాదని 2024 జూలై 1 నుండి నియమము పెట్టినది ఇట్టి మోసముల మూలముననే. మీరు అడుగకయే ఫోనులో సిగ్నలు మాయమైనచో వెంటనే కంపెనీ దుకాణమునకు పొండు. సొమ్ము పోయినచో సైబరు మోసముల ఫిర్యాదు నంబరగు 1930కి ఫోను చేయుడు.

ప్రశ్న: పోర్ట్ చేశాక పాత సిమ్ములోని బాలెన్స్ ఏమవుతుంది? కొత్త కంపెనీ నచ్చకపోతే వెంటనే వెనక్కి రావచ్చా?
— ఒక పాఠకుడు, హెబ్బగోడి

జవాబు: బాలెన్సు పోవును, మిగిలిన దినములును దానితోపాటు పోవును. కావున మీ ప్లాను ముగియుటకు వారము ముందుగా కోడ్ తెప్పించుకొనుడు. రీఛార్జి అయిపోయినదను నెపముతో 1900కు సందేశము పోనీయకుండుట కూడదని 2021 డిసెంబరులోనే ఆజ్ఞ యున్నది గనుక భయపడనక్కఱలేదు. వెనుకకు వచ్చుటకు మాత్రము తొంబది దినములు ఆగవలెను.