డైరీలో అందమైన శీర్షికలు – అక్షరాల వెనుక విజ్ఞానం

పిల్లలూ! మీలో కొందరికి డైరీ రాసే అలవాటు ఉండే ఉంటుంది. ఏ రోజు ఏ పాఠం చదవాలి, యూనిట్ టెస్టు ఎప్పుడు, స్నేహితుడికి తిరిగి ఇవ్వవలసిన పుస్తకం ఏది – ఇవన్నీ ఒకచోట రాసుకుంటే మరచిపోవడం ఉండదు. అలాంటి పుస్తకంలో ప్రతి పేజీకీ ఒక శీర్షిక పెట్టి, దాన్ని కాస్త అందంగా రాయాలని ఎవరికైనా అనిపిస్తుంది. రంగు పెన్నులు తీసి అక్షరాల చుట్టూ పువ్వులు, తీగలు, చుక్కలు వేస్తాం. తీరా వారం తరవాత చూస్తే శీర్షిక ముచ్చటగానే ఉంటుంది గాని, అక్కడ ఏం రాశామో మనకే అర్థం కాదు!

అక్షరం చెడకుండా అలంకరించడం ఎలా? ఇందుకు గొప్ప చిత్రకారులు కానక్కరలేదు. రెండు సంగతులు తెలిస్తే చాలు. ఒకటి: అక్షరం రూపం చాలావరకు రాసే పరికరాన్ని బట్టి ఉంటుంది. రెండు: ఒక అక్షరాన్ని మరో అక్షరం నుంచి వేరుచేసే చిన్న గుర్తు ఉంటుంది, అలంకారం దాని జోలికి పోకూడదు.

రాయి, ఆకు, కలం

మన జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున కోటిలింగాల అనే ఊరు ఉంది. అక్కడ శాతవాహనుల నాణేలు దొరికాయి. రెండు వేల ఏళ్ల కిందటి ఆ నాణేల మీద ఉన్నది బ్రాహ్మీ లిపి. మన తెలుగు లిపికి మూలం అదే. బ్రాహ్మీలో సరళరేఖలు, కోణాలు ఎక్కువ. అందులో 'క' అచ్చం మన కూడిక గుర్తులాగా ఉంటుంది. నిలువుగీత, అడ్డగీత – అంతే!

ఇక కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద ఉన్న శాసనం సుమారు క్రీ.శ. 945 నాటిది. జినవల్లభుడు చెక్కించిన ఆ శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి. అప్పటికి అక్షరాలు బాగా గుండ్రబడ్డాయి. ఇలా గుండ్రబడడానికి తాటాకు ఒక ముఖ్య కారణమని చెబుతారు.

తాటి ఏకదళబీజపు చెట్టు. దాని ఆకులో ఈనెలు ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా ఉంటాయని జీవశాస్త్రంలో చదివారు గదా! గంటంతో ఈనె వెంబడి అడ్డగీత గీస్తే ఆకు చీలిపోయే ప్రమాదం ఉంది. గుండ్రని గీత అయితే ఈనెలను కోసుకుంటూ వంపు తిరుగుతుంది కనుక ఆకు నిలుస్తుంది. ఆకు మీద గీరిన గీత కంటికి సరిగా కనిపించదు. అందుకని పైన మసి రుద్ది తుడిచేవారు. గాడిలో మసి మిగిలి అక్షరం నల్లగా తేలేది.

చేసి చూడండి: ఎండిన తాటాకు ముక్క మీద వృత్తలేఖిని మొనతో ఈనె వెంబడి ఒక గీత, పక్కన ఒక సున్న గీయండి. ఆకును మెల్లగా వంచండి. ఏ గీత దగ్గర ముందు చీలుతుందో గమనించండి.

గంటం మొన సూదిలా ఉంటుంది. అందుచేత ఆ గీత అంతటా ఒకే మందంతో ఉంటుంది. బాల్‌పెన్ను కూడా అంతే. మొనలోని చిన్న గుండు ఎటు తిరిగినా ఒకే వెడల్పున సిరా పూస్తుంది. కనుక మీ దగ్గర బాల్‌పెన్ను మాత్రమే ఉంటే బలవంతంగా మందం తేవాలని చూడకండి. వంపులు నిండుగా, సమంగా తిప్పండి. తాటాకు అక్షరాల అందం ఆ వంపులలోనే ఉంది.

పట్టె కలం చెప్పే లెక్క

పాళీ చివర బల్లపరుపుగా ఉంటే సంగతి మారుతుంది. అప్పుడు గీత మందం పాళీని పట్టుకున్న కోణాన్ని బట్టి ఉంటుంది. పాళీ వెడల్పు 4 మి.మీ. అనుకోండి. పాళీ అంచు కాగితం మీది అడ్డగీతతో 30 డిగ్రీల కోణం చేస్తూ కుడివైపు పైకి లేచేట్టు పట్టుకోండి. ఇప్పుడు –

అడ్డంగా గీస్తే మందం 4 × సైన్ 30° = 2 మి.మీ.
నిలువుగా గీస్తే మందం 4 × కాస్ 30° = సుమారు 3.5 మి.మీ.
పాళీ అంచు వెంబడే గీస్తే వెంట్రుకలాంటి సన్నగీత.
ఆ అంచుకు లంబంగా గీస్తే పూర్తిగా 4 మి.మీ.

పదో తరగతి వారు నేర్చుకునే త్రికోణమితి ఇక్కడ కాగితం మీదే కనిపిస్తుంది!

చేసి చూడండి: రెండు పెన్సిళ్లను పక్కపక్కన పెట్టి రబ్బరు బ్యాండు వేయండి. రెండు మొనలనూ కలిపే రేఖ 30 డిగ్రీల కోణంలో ఉండేట్టు కోణమానినితో సరిచూసుకోండి. మణికట్టు తిప్పకుండా, చేతిని మాత్రమే కదుపుతూ ఒక పెద్ద సున్న చుట్టండి. రెండు గీతల మధ్య జాగాను రంగుతో నింపండి. గడియారంలో 11, 5 అంకెలు ఉండే చోట సున్న సన్నబడుతుంది. 2, 8 అంకెల చోట లావెక్కుతుంది. మీరు ప్రత్యేకంగా ఏమీ చేయలేదు, కోణమే ఆ పని చేసింది. తెలుగు అక్షరాలలో వంపులే ఎక్కువ కనుక సున్నకు జరిగినదే ప్రతి అక్షరానికీ జరుగుతుంది. కోణం మారకపోతే శీర్షికలోని అక్షరాలన్నీ ఒకే కుటుంబంలా కనిపిస్తాయి. మధ్యలో కోణం మార్చారో, ఏ అక్షరానికి ఆ అక్షరం విడిపోతుంది.

ఇది వచ్చాక ఐస్‌ఫ్రూట్ పుల్ల చివరను సన్నగా చెక్కి, సిరాలో ముంచి రాయవచ్చు. బ్లేడుతో చెక్కే పని మాత్రం పెద్దవాళ్లచేత చేయించండి.

సిరా ఎందుకు పాకుతుంది?

కొన్ని కాగితాల మీద అక్షరం అంచులు వెంట్రుకల్లా పాకుతాయి. కాగితంలోని నారల మధ్య సన్నని సందులుంటాయి. సిరా ఆ సందులలోకి కేశనాళికీయత వల్ల ఎక్కుతుంది. దీపం వత్తిలో నూనె పైకి ఎక్కేదీ ఇందువల్లనే. నూలు చీరకు గంజి పెట్టినట్టే రాత కాగితాల తయారీలోనూ గంజి పదార్థం వాడతారు. అది సందులను పూడుస్తుంది. న్యూస్‌పేపరు కాగితంలో ఆ పూత ఉండదు కనుక సిరా ఎక్కువ పాకుతుంది. డైరీలో శీర్షిక రాసే ముందు చివరి పేజీలో ఒక చుక్క పెట్టి చూడండి. పాకితే సిరా వదిలి రంగు పెన్సిలు వాడండి.

ముట్టుకోకూడని గుర్తులు

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఈ జంటలను చూడండి: ద–ధ, డ–ఢ, ప–ఫ, చ–ఛ. ప్రతి జంటలోనూ తేడా అడుగున ఉండే చిన్న నిలువుగీతే. మీరు 'ప' కింద అందం కోసం ఒక పూమొగ్గ వేలాడదీశారనుకోండి, అది 'ఫ' అయిపోతుంది! అలాగే 'ర' కడుపులో చుక్క పెడితే 'ఠ'. 'ధ' కడుపులో చుక్క పెడితే 'థ'. 'విధి' అని రాసి 'వి' మీది గుడికి తీగ చుట్టితే అది 'వీధి' అవుతుంది.

'థ'లోని చుక్క సామాన్యమైనది కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని శాసనాలున్నాయి. అవి క్రీ.పూ. 3వ శతాబ్దానివి. ఆ కాలపు బ్రాహ్మీలో 'థ' అంటే సున్న, దాని నడుమ చుక్క. రాయి పోయి ఆకు వచ్చింది, ఆకు పోయి కాగితం వచ్చింది; ఆ చుక్క మాత్రం 2,200 ఏళ్లుగా నిలిచి ఉంది. దాని అవసరం ఉంది గనుకనే నిలిచింది. అలాంటి చుక్కను మనం సరదాకు మరో అక్షరంలో పెట్టవచ్చా?

మరి అలంకారం ఎక్కడ చేయాలి? గీత లోపల, అంటే జంట గీతల మధ్య జాగాలో రంగులు, గళ్లు, ఆకులు ఏవైనా వేయవచ్చు. తలకట్టు కొసను కొద్దిగా సాగదీయవచ్చు. అక్షరానికి నీడ వేయవచ్చు. వెలుగు ఎడమవైపు పైనుంచి వస్తున్నదనుకుంటే, కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుంది కనుక అన్ని అక్షరాల నీడా కుడివైపు కిందకే పడాలి.

చిత్రకారుడు బాపు (1933–2014) రాసిన పుస్తకాల పేర్లు, సినిమా టైటిళ్లు దొరికితే శ్రద్ధగా చూడండి. గీత ఎంత ఒయ్యారంగా వంగినా ఏ అక్షరమూ మరో అక్షరంగా పొరబడదు. ఆ అక్షరాలు తరవాత కంప్యూటర్ ఫాంట్లుగా కూడా వచ్చాయి.

రాసే పద్ధతి

ఫ్లెక్సీలు రాకముందు మెట్‌పల్లి, కోరుట్ల వంటి ఊళ్ల బజారులో బోర్డులు రాసే ఆర్టిస్టులు ముందు గీతలు కొట్టుకొని తరవాతే కుంచె పట్టేవారు. మీరూ అలాగే చేయండి.

1. పెన్సిలుతో సమాన దూరంలో నాలుగు అడ్డగీతలు తేలికగా గీయండి. మూడు అరలు ఏర్పడతాయి. పై అర గుడులకు, ఏత్వాలకు; నడిమి అర అక్షరానికి; కింది అర ఒత్తులకు.
2. మొదట మామూలుగా పెన్సిలుతో రాయండి. 'శాస్త్రం' రాసి చూస్తే కింది అర ఎంత అవసరమో తెలుస్తుంది.
3. తరవాత మందం, ఆ తరవాత రంగు, చివర నీడ.
4. సిరా పూర్తిగా ఆరాకనే పెన్సిలు గీతలు చెరపండి.
5. పేజీని చేయిచాపినంత దూరంలో పట్టుకొని తమ్ముడినో చెల్లినో చదవమనండి. తడుముకోకుండా చదివితే మీరు నెగ్గినట్టే.

ఆలోచించండి

1. పట్టె పాళీని 45 డిగ్రీల కోణంలో పట్టుకుంటే అడ్డగీత, నిలువుగీతల మందం ఎలా ఉంటుంది?
2. 'ఘ', 'ఫ', 'ష', 'హ' అక్షరాలను పక్కపక్కన రాయండి. వీటిని వేరుచేసే గుర్తులేవి?
3. మీ పేరులోని ఏ అక్షరానికి చుక్క గాని, కింద గీత గాని చేర్చితే వేరే అక్షరం అవుతుంది?